అమెరికా ప్రభుత్వ బడుల్లో ప్రామాణిక పరీక్షలు: 1845 బోస్టన్ నుంచి నేటి స్టార్ దాకా

కొలబద్ద
ఈ విషయం మీద తెలుగులో వచ్చే రాతలు చాలావరకు బడులకు ఏటా పరీక్షలు తప్పనిసరి చేసిన 2002 నాటి నో చైల్డ్ లెఫ్ట్ బిహైండ్ చట్టంతో మొదలవుతాయి. అసలు కథ అంతకు 157 ఏళ్ళు ముందుది.

1845కు ముందు బోస్టన్‌లో స్కూల్ కమిటీ సభ్యులు ఏడాదికోసారి బడికి వచ్చి పిల్లల్ని నిలబెట్టి నోటితో ప్రశ్నలు అడిగేవారు. ఎవరిని ఏ ప్రశ్న అడగాలో పంతులుగారి చేతిలో ఉండేది కాబట్టి పేరు రాకుండా పోయే బడే లేదు. 1845 వేసవిలో శామ్యూల్ గ్రిడ్లీ హౌ ఉన్న కమిటీ ఈ పద్ధతి తీసేసి అచ్చువేసిన ప్రశ్నపత్రాలతో వచ్చింది. సబ్జెక్టుకు ఒక గంట, అందరికీ ఒకే ప్రశ్నలు, జవాబులు రాతలో. రాసినవాళ్ళు పై తరగతుల నుంచి సుమారు 530 మంది. మొత్తం 57,873 జవాబులు రావాల్సి ఉంటే సరైనవి 17,216, అంటే 30 శాతం కూడా నిండలేదు. విరామచిహ్నాల తప్పులు కూడా లెక్కగట్టారు: 35,947. ఎంబార్గో (విదేశీ వాణిజ్యంపై నిషేధం) ఎప్పుడు విధించారో పిల్లలు చెప్పగలిగారు, అదేమిటో చెప్పలేకపోయారు.

దీని వెనక ఒక తగాదా ఉంది. మసాచుసెట్స్ విద్యామండలి కార్యదర్శి హొరేస్ మాన్ 1843 నివేదికలో ప్రష్యా (అప్పటి ఒక జర్మన్ రాజ్యం) బడుల్ని మెచ్చుకున్నాడు. 1844లో బోస్టన్ పంతుళ్ళు 31 మంది కలిసి దాన్ని ఖండిస్తూ పుస్తకమే అచ్చువేశారు. హౌ ఈ మాన్‌కు స్నేహితుడు, కమిటీకి ఎన్నికైంది ఆ తర్వాతే. అంటే పిల్లలకు ఏం వచ్చో తెలుసుకోవడం ఒక ఎత్తు, పంతుళ్ళ నోరు మూయించడం ఇంకో ఎత్తు. ఈ రెండు పనులూ ఒకే కాగితంతో చేయబోవడం మొదటి పరీక్ష నుంచే ఉందని నా వాదన. దీని మీదే చర్చ సాగాలని కోరిక. తెలిసిన భాగం తెలిసినంత వివరంగా రాయండి.

పెన్నాతీరం
కొలబద్ద గారూ, 1845 దాన్ని ప్రామాణిక పరీక్ష అనొచ్చా? ప్రశ్నలు ఒకటే, సమయం ఒకటే, అంతవరకు సరే. సగటు పిల్లవాడికి ఎంత రావాలో తెలిపే నార్మ్స్ లేవు. విశ్వసనీయత (మళ్ళీ పెట్టినా అదే ఫలితం వస్తుందా అన్నది) లెక్క లేదు. 30 శాతం వచ్చిందంటే పిల్లలకు రానట్టా, పేపరు కష్టంగా ఇచ్చినట్టా?

కొలబద్ద
న్యాయమైన ప్రశ్న. అప్పుడు పోలిక బడికీ బడికీ మధ్యే. మాన్ మాత్రం తన కామన్ స్కూల్ జర్నల్‌లో రాత పరీక్షల లాభాలు వరసగా రాశాడు: నిష్పాక్షికత, అందరికీ ఒకే ప్రశ్న, పంతులు మధ్యలో అందించే వీలు లేకపోవడం, ప్రశ్నలు తేలికో కష్టమో తర్వాత ఎవరైనా చూసుకోగలగడం. మీరు అడిగిన దాంట్లో సగం ఆ చివరి దాంట్లోనే ఉంది. మిగతా సగానికి ఇంకో అరవై డెబ్బై ఏళ్ళు పట్టింది.

బీఎడ్ మాష్టారు
ఆ అరవై డెబ్బై ఏళ్ళ సంగతి నేను చెప్తాను. బీఎడ్‌లో సాధన నికషలు (నేర్చుకున్నది కొలిచే పరీక్షలు), సప్రమాణత (కొలవాల్సినదాన్నే కొలవడం), విశ్వసనీయత అని బట్టీపట్టే పాఠమంతా ఇక్కడి నుంచి వచ్చిందే.

1890ల్లో జోసెఫ్ మేయర్ రైస్ అనే వైద్యుడు ఊరూరా తిరిగి ఒకే స్పెల్లింగ్ పరీక్ష పెట్టాడు, సుమారు 33,000 మంది పిల్లలకు. 1897లో ప్రకటించిన ఫలితం: రోజూ గంటసేపు స్పెల్లింగ్ రుద్దిన బడికీ 15 నిమిషాలతో సరిపెట్టిన బడికీ చెప్పుకోదగ్గ తేడా లేదు. ఒకే పరీక్షతో బడుల మధ్య పద్ధతుల్ని పోల్చడం ఇక్కడ మొదలైంది. అప్పటి విద్యాధికారులు నవ్విపోయారు, స్పెల్లింగ్ నేర్పేది మనసుకు క్రమశిక్షణ కోసం గానీ స్పెల్లింగ్ కోసం కాదని వాళ్ళ వాదన.

1908లో స్టోన్ అంకగణిత పరీక్ష, 1910లో మనస్తత్వవేత్త థార్న్‌డైక్ చేతిరాత స్కేలు వచ్చాయి. ఆ స్కేలు వాడకం చూడండి: నాసిరకం నుంచి మేలురకం దాకా నంబర్లు వేసిన చేతిరాత నమూనాలు ఉంటాయి. పిల్లవాడి కాగితాన్ని వాటి పక్కన పెట్టి ఏ నమూనాకు దగ్గరగా ఉంటే ఆ నంబరు వేయాలి. నమూనా మారదు కాబట్టి దిద్దేవాళ్ళ మధ్య తేడా తగ్గుతుంది. వ్యాసాలు దిద్దేవాళ్ళకు ఈ రోజుల్లో ముందుగా ఇచ్చే నమూనా జవాబుపత్రాలు కూడా ఇదే తంతు.

అసలు దెబ్బ 1912, 1913ల్లో పడింది. స్టార్చ్, ఇలియట్ అనే ఇద్దరు ఒకే జవాబుపత్రం నకళ్ళు తీసి వందకు పైగా హైస్కూళ్ళకు పంపారు. ఇంగ్లిష్ పేపరుకు ఒకచోట 60ల్లో మార్కులు, ఇంకోచోట 98. జామెట్రీ పేపరు దిద్దిన 116 మందిలో ఒకరు 28 వేస్తే ఇంకొకరు 90 దాటించారు.

సీత_ఫ్రిస్కో
జామెట్రీలో అంత తేడానా! ఇంగ్లిష్ అంటే అనుకోవచ్చు గానీ.

బీఎడ్ మాష్టారు
సీత గారూ, తేడా రావడానికి దారులు చాలా ఉన్నాయి. జవాబు తప్పై దారి సరైనదైతే కొందరు సగం ఇస్తారు, కొందరు సున్నా. బొమ్మ శుభ్రంగా లేకపోతే ఒకరు కోస్తారు, ఒకరు పట్టించుకోరు. మొదటి మెట్టులో తప్పు జరిగి, ఆ తప్పు విలువతోనే తర్వాత మెట్లన్నీ సరిగ్గా చేస్తే ఒకరు ఒక్క మార్కు తీస్తారు, ఇంకొకరు లెక్కంతా కొట్టేస్తారు. మన పదో తరగతి పబ్లిక్ స్పాట్ వాల్యుయేషన్‌లో ముందురోజు కూర్చుని మార్కుల విభజన ఖరారు చేసేది దీనికే. అమెరికా వాళ్ళు ఆ దారి పట్టలేదు. దిద్దేవాడి నిర్ణయమే లేని ప్రశ్న వెతికారు.

గోదారిగట్టు
అది వెతికి పట్టింది ఫ్రెడరిక్ కెల్లీ, కాన్సాస్‌లోని ఎంపోరియా ఉపాధ్యాయ శిక్షణ కళాశాలలో. 1915 నాటి కాన్సాస్ సైలెంట్ రీడింగ్ టెస్ట్. సమయం 5 నిమిషాలు. అందులోని ఒక ప్రశ్న: నాలుగు జంతువుల పేర్లు కింద ఉన్నాయి, పొలంలో పనికొచ్చే జంతువు చుట్టూ గీత గీయి: ఆవు, పులి, ఎలుక, తోడేలు. జవాబు ఒకటే, అటో ఇటో. దిద్దడానికి పంతులే అక్కర్లేదు, గుమాస్తా చాలు.

రెండేళ్ళకు అమెరికా మొదటి ప్రపంచయుద్ధంలో దిగింది. 1917-18ల్లో సైన్యంలో చేరినవాళ్ళకు ఆర్మీ ఆల్ఫా అనే పరీక్ష, వాళ్ళలో చదువురానివాళ్ళకు ఆర్మీ బీటా. దాదాపు 17 లక్షల మందికి పెట్టారు. అవి తెలివితేటల పరీక్షలు, సాధన పరీక్షలు కావు. కానీ వేలమందికి ఒకేసారి పెట్టి స్టెన్సిల్‌లాంటి జవాబుల కీతో గబగబా దిద్దడం అలవాటైంది. ఆ పనిలో ఉన్న లూయిస్ టర్మన్ తర్వాత ట్రూమన్ కెల్లీ, గైల్స్ రచ్‌లతో కలిసి స్టాన్‌ఫర్డ్ అచీవ్‌మెంట్ టెస్ట్ తయారుచేశాడు. 1923 నాటికి వరల్డ్ బుక్ కంపెనీ అమ్మకానికి పెట్టింది. ఒక్క పుస్తకంలో చదవడం, లెక్కలు, స్పెల్లింగ్, సైన్సు, చరిత్ర అన్నీ. విద్యా జిల్లాలు గుత్తగా కొన్నాయి.

(ఇద్దరు కెల్లీలు ఉన్నారు, కలపకండి. కాన్సాస్ కెల్లీ వేరు, స్టాన్‌ఫర్డ్ కెల్లీ వేరు.)

పెన్నాతీరం
నార్మ్స్ ఎలా తయారుచేస్తారో ఎవరైనా రాస్తే బాగుంటుంది. శతాంశం (పర్సంటైల్) అంటే నూటికి వచ్చిన మార్కులనుకునే తల్లిదండ్రులే ఎక్కువ.

ఐటమ్ రైటర్
ఇది నా పని, రాస్తాను.

పరీక్షకు 50 ప్రశ్నలు కావాలంటే 100 నుంచి 150 రాస్తారు. కొన్ని వందలమంది పిల్లల మీద ముందు ప్రయోగిస్తారు. ఒక్కో ప్రశ్నకు రెండు అంకెలు తీస్తారు. మొదటిది కఠినతా విలువ: ఎంతమంది సరిగ్గా రాశారో ఆ వంతు. 0.95 వస్తే మరీ తేలిక, 0.15 వస్తే మరీ కష్టం, మధ్యవే ఎక్కువ నిలుస్తాయి. రెండోది విచక్షణా సూచిక. మొత్తం మార్కుల ప్రకారం పేపర్లను వరసగా పేర్చి పైనుంచి 27 శాతం, కిందినుంచి 27 శాతం తీస్తారు. పై గుంపులో 100కి 80 మంది, కింది గుంపులో 100కి 40 మంది సరిగ్గా రాస్తే సూచిక 0.40, మంచి ప్రశ్న. మైనస్‌లో వస్తే కీ తప్పయినా కావాలి, తెలివైన పిల్లవాడు ఇంకో జవాబు కూడా సరైనదేనని పట్టుకునైనా ఉండాలి. ఆ 27 శాతం ఎందుకో 1939లో లెక్కగట్టి చూపింది పైన గోదారిగట్టు గారు చెప్పిన స్టాన్‌ఫర్డ్ కెల్లీయే. ఇప్పుడు ఐటమ్ రెస్పాన్స్ థియరీతో (ప్రశ్న కష్టాన్నీ పిల్లవాడి సామర్థ్యాన్నీ ఒకే కొలమానం మీద అంచనా వేసే గణిత పద్ధతి) చేస్తారు గానీ ఆలోచన పెద్దగా మారలేదు.

ఆ తర్వాత దేశమంతటి నుంచి నమూనా తీసి పరీక్ష పెడతారు. అందులో ఒక మార్కు కంటే తక్కువ వచ్చినవాళ్ళు నూటికి ఎంతమందో అదే ఆ మార్కు శతాంశం. 64వ శతాంశం వచ్చిన పిల్లవాడికి సగం ప్రశ్నలు తప్పయి ఉండొచ్చు కూడా.

ఇక్కడే ఒక తిరకాసు. ప్రతి బడిలోనూ బాగా నేర్పిన అంశం మీద ప్రశ్న వేస్తే పిల్లలందరూ సరిగ్గా రాస్తారు, కఠినతా విలువ 0.95కు పోతుంది, ప్రశ్న బయటకు పోతుంది. పిల్లల్ని వరసలో నిలబెట్టడానికి చేసిన పరీక్ష, పంతుళ్ళు బాగా నేర్పినదాన్నే తీసి పారేస్తుంది. అలాంటి పరీక్షతో పంతులు పనితనం కొలుస్తామంటే నాకు ఒప్పుదల లేదు.

చిప్పు_చారి
మెషీన్ల సంగతి లేకుండా ఈ కథ నడవదు. 1930ల మొదట్లో మిషిగన్‌లో రేనాల్డ్ జాన్సన్ అనే హైస్కూల్ సైన్సు పంతులు పెన్సిల్ గీతలో ఉన్న గ్రాఫైట్ గుండా కరెంటు పంపి మార్కులు లెక్కపెట్టే పరికరం చేశాడు. చిక్కల్లా ఒకటే: ఒకడు గట్టిగా గీస్తాడు, ఒకడు పల్చగా. గీతను బట్టి కరెంటు మారిపోతే లెక్క తప్పుతుంది. ప్రతి గీత సర్క్యూట్‌లోనూ గీత కంటే ఎన్నో రెట్లు ఎక్కువ రెసిస్టెన్స్ పెట్టాడు. దాంతో గీత ముదురైనా లేతైనా ఒక్కో గీత నుంచి వచ్చే కరెంటు ఇంచుమించు సమానమైంది. మొత్తం కరెంటును మీటరు ముల్లు చూపిస్తే అదే మార్కు. ఐబీఎం ఆయన్ని పనిలోకి తీసుకుని 1930ల చివర్లో ఐబీఎం 805గా మార్కెట్లోకి తెచ్చింది. చేయి తిరిగిన ఆపరేటరు గంటకు సుమారు 800 షీట్లు వేయగలడు.

1950ల్లో అయోవా విశ్వవిద్యాలయంలో లిండ్‌క్విస్ట్ బృందం కరెంటును వదిలి కాంతిని పట్టుకుంది. మన ఓఎంఆర్ షీట్లు నడిచే దారి అది. లిండ్‌క్విస్ట్ 1929 నుంచే అయోవా బడుల్లో రాష్ట్రవ్యాప్త పరీక్షలు నడుపుతున్నాడు, 1935లో అయోవా టెస్ట్స్ ఆఫ్ బేసిక్ స్కిల్స్ తొలి రూపం కూడా ఆయనదే. ఆయన పరీక్షల్లో చేరడం బడి ఇష్టం. ఫలితం పంతులు చేతికి, పిల్లవాడికి ఏది రాలేదో చూసుకోవడానికి. రాష్ట్రం శిక్షించడానికి కాదు.

జవాబు షీటు వేరయ్యాక ఒక కొత్త రకం తప్పు పుట్టింది. పిల్లవాడు ఒక ప్రశ్న వదిలేసి, షీటులో వరస వదలకపోతే అక్కడినుంచి అన్నీ ఒక గడి జరిగిపోతాయి. అందుకే చిన్న తరగతులకు ప్రశ్నల పుస్తకంలోనే గుర్తు పెట్టించి ఆ పుస్తకాన్నే స్కాన్ చేసే పద్ధతి తెచ్చారు.

కొలబద్ద
చారి గారూ, అయోవా ఫలితం పంతులు చేతికే పోయేదన్న ముక్క నా వాదనకు బలం. కాగితం అదే, మెషీన్ అదే. ఫలితం ఎవరి బల్ల మీదికి పోతుందో దాన్ని బట్టి పరీక్ష స్వభావం మారింది.

మారడం మొదలైంది 1965లో. ఎలిమెంటరీ అండ్ సెకండరీ ఎడ్యుకేషన్ చట్టం పేద పిల్లల బడులకు టైటిల్ వన్ నిధులిచ్చి, ఖర్చుకు ఫలితం చూపమంది. చూపడానికి చేతిలో ఉన్నవి కంపెనీల పరీక్షలే. 1970ల్లో రాష్ట్రాలు హైస్కూల్ పట్టాకు కనీస సామర్థ్య పరీక్షలు పెట్టాయి. ఫ్లారిడా పరీక్ష మీద డెబ్రా పి. కేసు వచ్చింది. 1981లో అప్పీలు కోర్టు చెప్పింది: బడిలో నేర్పని విషయం మీద పరీక్ష పెట్టి పట్టా ఆపకూడదు. పాఠ్యప్రణాళికకూ ప్రశ్నపత్రానికీ పొంతన పట్టికలు రాష్ట్రాలు ఇప్పటికీ భద్రపరచడానికి ఆ తీర్పు భయం కూడా ఒక కారణం.

సీత_ఫ్రిస్కో
50 రాష్ట్రాలూ జాతీయ సగటు కంటే పైనే ఉన్నాయని తేలిన ఉదంతం కూడా ఆ రోజులదే కదా?

ఐటమ్ రైటర్
అవును, 1987. వెస్ట్ వర్జీనియాలో జాన్ కానెల్ అనే డాక్టరు రాష్ట్రాల ఫలితాలు పోగేసి బయటపెట్టాడు. అంకెలు దొంగవి కావు. నార్మ్స్ పాతవి. జాతీయ నమూనా తీసిన ఏడాదితో పోలిక ఆగిపోతుంది, ఆ తర్వాత ఏడేళ్ళపాటు అవే ప్రశ్నలున్న అదే ప్రశ్నపత్రం ఏటా పెడతారు, పంతుళ్ళకు ప్రశ్నలు కంఠతా వస్తాయి. పరీక్షల మీద పరిశోధన చేసే డేనియల్ కొరెట్జ్ బృందం 1991లో ఒక జిల్లాలో తేల్చింది కూడా ఇదే: కొత్త పరీక్ష తేగానే మార్కులు పడిపోయాయి, నాలుగేళ్ళలో పాత ఎత్తుకు లేచాయి. కానీ అప్పుడు పాత పరీక్షే మళ్ళీ పెడితే ఆ పాత మార్కులు రాలేదు.

గ్రేడ్ ఈక్వివలెంట్ గురించీ ఒక మాట. మూడో తరగతి పిల్లకు చదవడంలో 6.2 వచ్చిందంటే ఆరో తరగతి పాఠాలు చదవగలదని కాదు. మూడో తరగతి పేపరే ఆరో తరగతి పిల్లలకిస్తే వాళ్ళ మధ్యస్థ మార్కు ఎంత ఉంటుందని అంచనా వేశారో అంత ఈ పిల్లకు వచ్చిందని. డబుల్ ప్రమోషన్ అడగడానికి ఇది ఆధారం కాదు.

గోదారిగట్టు
ఇలా మార్కులు ఉబ్బని కొలత ఒకటుంది: ఎన్‌ఏఈపీ (నేషనల్ అసెస్‌మెంట్ ఆఫ్ ఎడ్యుకేషనల్ ప్రోగ్రెస్), నేప్ అంటారు. రాల్ఫ్ టైలర్ రూపకల్పన, 1969లో మొదలు. ప్రశ్నల మొత్తాన్ని ముక్కలు చేసి ఒక్కో పిల్లవాడికి రెండు ముక్కలే ఇస్తారు. ఏ ఒక్కరూ మొత్తం పేపరు రాయరు, ఏ పిల్లవాడికీ మార్కు రాదు, బడికీ రాదు. దేశానికి, రాష్ట్రాలకు, కొన్ని పెద్ద నగరాల విద్యా జిల్లాలకు మాత్రమే అంచనా వస్తుంది. ఎవరికీ లాభనష్టాలు లేవు కాబట్టి ఎవరూ రుద్దరు. మన దగ్గర నేషనల్ అచీవ్‌మెంట్ సర్వే, 2024 డిసెంబరు 4న 3, 6, 9 తరగతులకు జరిగిన పరఖ్ సర్వే ఆ వంశంలోవే. 2005 నుంచి నడుస్తున్న అసర్ సర్వే వేరే తీరు. ఇంటికెళ్ళి పిల్లవాడిని పక్కన కూర్చోబెట్టుకుని అక్షరం, పదం, పేరా, కథ చదివిస్తారు. 1845లో బోస్టన్ పారేసిన నోటి పరీక్షే, పంతులు లేకుండా.

నేప్‌లో ప్రొఫీషియెంట్ అంటే తరగతి స్థాయి అని పత్రికలు రాస్తాయి. తప్పు. అది అంతకంటే పై మెట్టు.

పెన్నాతీరం
ఇక 2002 నాటి నో చైల్డ్ లెఫ్ట్ బిహైండ్ చట్టం. 3 నుంచి 8 తరగతులకు ఏటా చదవడం, లెక్కలు, హైస్కూల్లో ఒకసారి. 95 శాతం పిల్లలు రాయాల్సిందే. జాతి, పేదరికం, వైకల్యం, ఇంగ్లిష్ రానితనం ప్రకారం గుంపులుగా విడదీసి ప్రతి గుంపూ పాస్ గీత దాటాలి. 2014 నాటికి నూటికి నూరు. తప్పిన బడికి శిక్షలు, మూత దాకా. గీత ఎక్కడ గీయాలో మాత్రం రాష్ట్రం ఇష్టం. గుంపుల విడదీత మంచిదే, అంతవరకు సగటు చాటున దాగిన పిల్లలు కనిపించారు. చెడగొట్టింది గీత.

లెక్క చూడండి. 100 మంది, గీత 60 మార్కులు. 50 మంది పైన, 10 మంది 55-59 మధ్య, 40 మంది 50 లోపు. ఆ 10 మందికి తలా 5 మార్కులు పెంచితే బడి ఫలితం 50 నుంచి 60 శాతానికి దూకుతుంది, సగటు పెరిగేది 0.5. కింద ఉన్న 40 మందికి తలా 10 మార్కులు పెంచితే సగటు 4 పెరుగుతుంది, బడి ఫలితం 50 దగ్గరే. హెడ్‌మాస్టరు ఎవరికి ప్రత్యేక క్లాసు పెడతాడు?

చిప్పు_చారి
దీని కొస అట్లాంటా బడుల్లో జరిగిన మోసం. 2009 రాష్ట్ర పరీక్షల షీట్లలో స్కానరు చెరిపిన మరకల్ని కూడా లెక్కపెట్టింది. తప్పు నుంచి ఒప్పుకు మారిన చెరిపివేతలు ఒక్కో క్లాసుకు ఎన్నో తీసి, రాష్ట్ర సగటు కంటే మూడు ప్రామాణిక విచలనాలు (అంకెలు సగటు చుట్టూ ఎంత చెదిరి ఉంటాయో తెలిపే కొలత) దాటిన క్లాసులను పక్కకు తీశారు. మామూలుగా పిల్లలు ఒప్పు నుంచి తప్పుకూ, తప్పు నుంచి ఇంకో తప్పుకూ కూడా మార్చుకుంటారు. క్లాసంతా ఒప్పువైపే మారితే చెరిపింది పిల్లలు కాదు. 2011 నివేదికలో 44 బడులు, 178 మంది సిబ్బంది పేర్లు వచ్చాయి. 2015లో 11 మందికి శిక్ష పడింది.

కంపెనీల తప్పులూ తక్కువేం కాదు. 2000లో మినసోటా లెక్కల పరీక్షలో ఒక రకం ప్రశ్నపత్రానికి జవాబుల కీ తప్పుపడి దాదాపు 8,000 మంది ఫెయిలయ్యారని చెప్పారు. బయటపడింది ఒక తండ్రి కూతురి పేపరు చూపించమని పట్టుబట్టినందువల్ల.

సీత_ఫ్రిస్కో
అయితే మార్కులకు డబ్బో శిక్షో ముడిపెడితే ఎక్కడైనా ఇంతేనా?

బీఎడ్ మాష్టారు
ఎక్కడైనా ఇంతే అనడానికి లేదు, ఎదురు ఉదాహరణ మన దగ్గరే ఉంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2005 నుంచి కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ చేసిన ప్రయోగం. 5 జిల్లాల పల్లెల్లోని ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలలు. 100 బడుల్లో పంతులు విడిగా, 100 బడుల్లో జట్టుగా బోనస్, ఇంకో 100 బడులు పోలికకు. సగటు పెరుగుదల 5 శాతం దాటాక ప్రతి శాతానికి 500 రూపాయలు. రెండేళ్ళకు లెక్కల్లో 0.27, భాషలో 0.17 ప్రామాణిక విచలనాల లాభం. బట్టీ ప్రశ్నల్లోనే కాదు, అవగాహన ప్రశ్నల్లోనూ. బోనస్ లేని సైన్సు, సోషల్ కూడా పెరిగాయి. అయిదేళ్ళకు విడి బోనస్ నిలబడింది, జట్టు బోనస్ అంతగా పనిచేయలేదు.

తేడాలు గమనించండి. గీత లేదు, సగటు పెరుగుదల ఉంది. బడి మూత భయం లేదు. పరీక్ష పెట్టింది, దిద్దింది బయటి సంస్థ.

కొలబద్ద
మాష్టారూ, ఇది నా వాదనకు అడ్డం వస్తోంది, ఒప్పుకోక తప్పదు. కొలవడం, ఒత్తిడి పెట్టడం ఒకే పరీక్షతో కుదిరిన సందర్భమే ఇది. కాకపోతే కొన్ని వందల బడుల్లో పరిశోధకుల కాపలాతో కుదిరింది రాష్ట్రమంతటా, ఇరవై ఏళ్ళపాటు, శాఖ సొంత మనుషులతో కుదురుతుందా అన్నది నా సందేహం.

ఐటమ్ రైటర్
ఇప్పటి పరిస్థితి క్లుప్తంగా. 2002 చట్టం స్థానంలో వచ్చిన 2015 డిసెంబరు నాటి ఎవ్రీ స్టూడెంట్ సక్సీడ్స్ చట్టం ఏటా పరీక్షల్ని ఉంచి శిక్షల పెత్తనం రాష్ట్రాలకిచ్చింది. అదే ఏడాది న్యూయార్క్‌లో సుమారు 20 శాతం పిల్లలు పరీక్ష రాయలేదు. 2020 వసంతంలో కోవిడ్ వల్ల పరీక్షలే లేవు. 2022 నేప్ లెక్కల్లో ఎనిమిదో తరగతి 8 పాయింట్లు, నాలుగో తరగతి 5 పాయింట్లు పడింది.

సీత_ఫ్రిస్కో
టెక్సస్ రాష్ట్ర పరీక్ష స్టార్ రిపోర్టులో ముందు ఏది చూడాలి? మీట్స్ (తరగతి స్థాయి అందుకుంది) అని ఉండి శతాంశం 60ల్లో ఉంటే మంచిదా చెడ్డదా?

ఐటమ్ రైటర్
సీత గారూ, ఆ రెండూ వేర్వేరు ప్రశ్నలకు జవాబులు. మీట్స్ అనేది గీత దాటిందా అని, శతాంశం మిగతా పిల్లల్లో ఎక్కడుందని. ముందు స్కేల్ స్కోరు (మార్కుల్ని ఒకే కొలమానానికి మార్చిన అంకె) చూడండి, అది ఏ గీతకు ఎంత దూరంలో ఉందో చూడండి. గీతకు మరీ దగ్గరగా ఉంటే, అటైనా ఇటైనా, లేబుల్‌ను పట్టించుకోకండి. రెండు మూడు ప్రశ్నలు మారితే లేబుల్ మారుతుంది, కొలత పొరపాటు అంతమాత్రం ఎలాగూ ఉంటుంది. మీట్స్ కంటే కింది మెట్టు అప్రోచెస్ వచ్చినా పాస్ కిందే లెక్క.

తర్వాత కింద అంశాలవారీ పట్టిక. ఒక అంశం మీద ఆరేడు ప్రశ్నలే ఉంటే ఆ శాతం నమ్మదగినది కాదు, ట్యూషన్ పెట్టడానికి అదొక్కటే చాలదు. పోర్టల్‌లో పిల్ల రాసిన జవాబులు కూడా తెరిచి చూడండి. ముఖ్యంగా పేరాగ్రాఫ్ జవాబులు: 2023 డిసెంబరు నుంచి వాటిని ముందు కంప్యూటరు దిద్దుతోంది, కొన్నింటినే మనుషులు చూస్తారు. సున్నా పడిన జవాబు మీకు సబబుగా కనిపిస్తే మళ్ళీ దిద్దమని జిల్లా ద్వారా అడగొచ్చు. మార్కు మారకపోతే ఫీజు పడే పద్ధతి ఉంది, అడిగే ముందు జిల్లా టెస్టింగ్ కోఆర్డినేటరుతో మాట్లాడండి.